కొట్టిన అక్షరం ఏ విండోలోకి వెళ్లింది?

బందరులో ఒక ట్రస్టు ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. కాగితం మీద నా హోదా చాలాసార్లు మారింది గానీ చేసే పని పెద్దగా మారలేదు. ఆ హోదాల గోల ఇక్కడ రాయను. సర్వర్లు ఎలా పెట్టాలో, నెట్‌వర్కు ఎలా లాగాలో ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నాకంటే బాగా తెలుసు. కాలేజీలో ఎవరూ చెప్పకపోయినా నా ఉద్యోగంలో సగం తినేసినది ఇంకొకటుంది. దాని పేరు విండో మేనేజర్.

ఆ పేరు వినకుండానే సర్వీసు ముగించేవాళ్లు చాలామంది. కంప్యూటర్ తెర మీద మనం తెరిచే ప్రతి ప్రోగ్రామూ ఒక చట్రంలో కనిపిస్తుంది కదా. ఆ చట్రాలు గీసేదీ, వాటిని జరిపేదీ, ఏది పైన ఉండాలో ఏది కింద ఉండాలో తేల్చేదీ ఈ విండో మేనేజరే. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటి చేస్తుంది. మీరు కీబోర్డు మీద కొట్టిన అక్షరం ఏ విండోకి చేరాలో నిర్ణయిస్తుంది. మా భాషలో దాన్ని ఫోకస్ అంటాం. తెర మీద ఎన్ని విండోలున్నా ఫోకస్ ఒక్కదానికే ఉంటుంది. ఆ ఒక్కటి ఏదో కూర్చున్న మనిషికి తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో మా ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం చూశాను. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గుడివాడలో మొదలు

మా ఇంట్లో అందరూ బడి పంతుళ్లు. నేనూ చాక్‌పీసు పట్టుకుంటానని మా నాన్నగారు అనుకున్నారు. నేను గుడివాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో చేరాను. అక్కడున్న మిషన్లన్నీ ఎవరో వాడి వదిలేసినవి. స్విచ్చి వేసి వెళ్లి టీ తాగి వచ్చినా తెర ఇంకా తయారయ్యేది కాదు. వాటిని నడిపించే లినక్సు అనే సాఫ్ట్‌వేరులో తెర హంగులెక్కువ. ఆ హంగులన్నీ తీసేసి, చాలా తేలికైన విండో మేనేజర్ ఒకటి పెట్టాను. ముసలి మిషన్లు లేచి కూర్చున్నాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే ఒక విద్యార్థిని ప్రాక్టికల్స్‌లో ఏడుస్తూ లేచి నిలబడింది. "మేడమ్, నా ప్రోగ్రాం మొత్తం పోయిందండీ!"

వెళ్లి చూశాను. ఏమీ పోలేదు. ఆ పిల్ల విండోని చిన్నది చేసింది. తేలికైన ఆ మేనేజర్లో కింద పట్టీ లాంటిదేమీ ఉండదు, చిన్నది చేసినవి కంటికి కనపడవు. రెండు మీటలు కలిపి నొక్కగానే ప్రోగ్రాం ఉన్నదున్నట్టు బయటికొచ్చింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "ఇక్కడే ఉందా అండీ? మరి నాకెందుకు కనపడలేదు?"

ఆ సాయంత్రమే అన్ని మిషన్లకీ కింద ఒక పట్టీ పెట్టి, తెరిచిన విండోల పేర్లు అందులో వచ్చేలా చేశాను. అప్పటినుంచి ఎవరు 'పోయింది' అన్నా ముందు దాని వెనకా కిందా వెతుకుతాను. పోవడం వేరు, కనపడకపోవడం వేరు. కూర్చున్న మనిషి గుండెకి మాత్రం రెండూ ఒకటే. అందుకే అలాంటప్పుడు నవ్వకండి.

శ్రీహరిరావు గారు

గుడివాడ నుంచి బందరు ఆసుపత్రికి వచ్చాక నా పైఅధికారి శ్రీహరిరావు గారు. నేను పనిచేసిన అధికారుల్లో మంచి మనిషి ఎవరంటే ఆయన పేరే చెప్తాను. చిరాకు పెట్టిన మనిషి ఎవరన్నా ఆయన పేరే చెప్తాను. ఆయన బల్ల సొరుగులో ఎప్పుడూ తొక్కుడు లడ్డూల డబ్బా ఉండేది. సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్లు ఎంత కోపంగా వచ్చినా ముందు ఒకటి చేతిలో పెట్టి తర్వాత మాట్లాడేవారు.

ఆయనకి తెర మీద సోకులంటే ప్రాణం. విండోని పట్టుకు లాగితే జెల్లీలా ఊగాలి. మూసేస్తే పొగలా మాయమవ్వాలి. ట్రస్టు సభ్యులెవరైనా వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చూపించేవారు. "చూశారా, మన సిస్టమ్స్ ఎలా ఉన్నాయో!" మిషన్లు నెమ్మదిస్తున్నాయండీ అంటే, "విమలగారూ, పొద్దస్తమానం రోగుల మొహాలు చూసేవాళ్లకి తెరైనా అందంగా ఉండద్దూ?" అనేవారు. 

ఆయనకి నచ్చిన ఇంకో ఏర్పాటు ఉంది. మౌసు బాణం ఏ విండో మీద ఉంటే ఫోకస్ దానికే వెళ్తుంది. నొక్కక్కర్లేదు, ఆనితే చాలు. ఈ పద్ధతి చెడ్డదేమీ కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లలో చాలామందికి ఇదే ఇష్టం, చేతికి వేగం వస్తుంది. శ్రీహరిరావు గారు దాన్ని ఆసుపత్రి అంతటా పెట్టించారు. డాక్టర్లు కూడా బాగుందన్నారు. చాలాకాలం ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ మధ్యాహ్నం

నాగాయలంక వైపు నుంచి నాంచారమ్మ అనే ఆవిడ కాన్పుకి వచ్చింది. ఒంట్లో రక్తం తక్కువ, బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చెయ్యాలి, రక్తం సిద్ధంగా పెట్టమని మేడమీది కాన్పుల వార్డు నుంచి కబురొచ్చింది. రక్తనిధిలో నాంచారమ్మ గ్రూపు రిపోర్టు బి పాజిటివ్ అని ఉంది. ఆ గ్రూపు సంచీ ఒకటి బయటికి తీశారు.

సంచీ ఇచ్చే ముందు రోగి రక్తాన్నీ, దాత రక్తాన్నీ కలిపి చూసే పరీక్ష ఒకటుంటుంది. రక్తనిధి చూసే డాక్టర్ సుగుణగారు ఆ పరీక్ష తనే చేస్తున్నారు. రెండూ కలవగానే రక్తం గడ్డలు కట్టింది. అంటే ఆ రక్తం ఆమెకి పడదు. ఎక్కించి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది.

నేను ఆ వేళ ప్రింటరు చూడటానికి అక్కడే ఉన్నాను. సుగుణగారు గట్టిగా ఒక్క మాటే అన్నారు. "సంచీ ఎవరూ ముట్టుకోవద్దు." వెంటనే నాంచారమ్మ నమూనా మళ్లీ తీసుకుని గ్రూపు చూశారు. ఓ పాజిటివ్.

కౌంటరు కమ్మీల దగ్గర నాంచారమ్మ భర్త నిలబడి ఉన్నాడు. చేపల చెరువుల మీద పనిచేసే మనిషి, కాళ్లకి ఇంకా బురద ఆరలేదు. "అమ్మగారూ, రక్తం తీసినట్టే తీసి మళ్లీ లోపల పెట్టేశారేంటండీ? మా ఆడమనిషిని లోనికి తీసుకెళ్లిపోయారండీ!"

సుగుణగారు చేతులు కడుక్కుంటూనే అతనికి జవాబిచ్చారు. "నాయనా, ఆ రక్తం మీ ఆవిడకి సరిపడదు. సరిపడేది తీస్తున్నాను. కలిపి చూసి, బాగుందంటేనే పంపిస్తాను. కంగారుపడకు, ఇక్కడే ఉండు."

ఓ పాజిటివ్ సంచీ తీసి కలిపి చూశారు. ఈసారి గడ్డ కట్టలేదు. సంచీ పైకి వెళ్లింది. నేను ప్రింటరు సంగతి మర్చిపోయి ఆ కమ్మీల దగ్గరే నిలబడిపోయాను. చాలాసేపటికి ఆయా ఒకామె మెట్లు దిగుతూ పైనుంచే కేకేసింది. "నాంచారమ్మ తాలూకు ఎవరండీ? ఆడపిల్ల! తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు!"

అతను కమ్మీలు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. సుగుణగారు ఇటు తిరిగి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ అంతసేపు కళ్లద్దాలు తుడవడం నేనెప్పుడూ చూడలేదు.

సునీత చెప్పిన మాట

మర్నాడు వేట మొదలైంది. కంప్యూటర్లో తప్పు గ్రూపు ఎక్కించింది ఎవరు? కంప్యూటర్ రికార్డు తియ్యమని సూపరింటెండెంట్ గారు నాకు చెప్పారు. తీశాను. నాంచారమ్మ గ్రూపు మొదట ఓ పాజిటివ్ అనే ఉంది. కాసేపటికి అదే మిషన్ మీద, అదే లాగిన్‌తో బి పాజిటివ్‌గా మారింది. ఆ లాగిన్ ల్యాబు టెక్నీషియన్ సునీతది.

సూపరింటెండెంట్ గారు మండిపడ్డారు. "సరిగ్గా ఉన్నదాన్ని చేతులారా మార్చింది. ఇంకేం కావాలి? పంపించెయ్యండి ఆ అమ్మాయిని." శ్రీహరిరావు గారు కూడా తల దించుకుని, "రికార్డు అలాగే చెప్తోందండీ," అన్నారు.

సునీత చిలకలపూడి పిల్ల. వాళ్లింట్లో అందరూ రోల్డుగోల్డు నగలు చేస్తారు, చదువుకుని ఉద్యోగంలోకి వచ్చింది ఆమె ఒక్కతే. వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయినట్టుంది, మొహం ఉబ్బిపోయింది. పక్కన కూర్చున్నాను.

"అక్కా, నేను నాంచారమ్మ గారిది ముట్టుకోలేదు. పొద్దున్నే ఎక్కించేశాను, ప్రింటు కోసం తెరిచి ఉంచానంతే. తర్వాత కుమారి అని ఇంకో ఆవిడది ఎక్కించాను. ఆవిడది బి పాజిటివ్. అదీ రెండుసార్లు కొట్టాల్సొచ్చింది."

"రెండుసార్లెందుకు?"

"మొదటిసారి పడలేదక్కా. తలెత్తి చూస్తే గడి ఖాళీగా ఉంది. కీబోర్డు మొరాయించిందేమోననుకుని మళ్లీ కొట్టాను. ఈ సంగతి సూపరింటెండెంట్ సార్‌కి కూడా చెప్పాను. సాకులు చెప్పకు అన్నారు."

నేను గబుక్కున లేచాను. "పద, మిషన్ దగ్గరికి. రోజూ ఎలా చేస్తావో అలాగే చేసి చూపించు. నేనున్నానని అనుకోకు."

రక్తనిధిలో సునీత బల్ల ఇరుకు, మౌసుకి చోటు ఎడమ పక్కనే. ఎడమ చేత్తో రక్తం చుక్కలు వేసిన పరీక్ష పలక వెలుతురు వైపు పట్టుకుని, దాన్నే చూస్తూ, కుడి చేత్తో కొడుతుంది. ఎవరైనా అలాగే చేస్తారు, పలక మీద కన్ను తీస్తే తప్పు చదువుతామని భయం. ఉత్తుత్తి పేర్లతో రెండు విండోలు తెరిపించాను. రెండూ ఒకే రంగు, ఒకే ఆకారం. ఒకదాని మీద ఒకటి, కిందిది అంచు మాత్రం కనిపిస్తోంది.

ఆమె చేస్తోంది, నేను వెనక నిలబడి చూస్తున్నాను. కొన్నిసార్లు ఏమీ జరగలేదు. నాకే సందేహం వచ్చింది. అంతలో పలక పైకెత్తేటప్పుడు ఆమె మోచెయ్యి మౌసుకి తగిలింది. బాణం జరిగి, కింద విండో అంచు మీదికి వెళ్లి ఆగింది. పై విండో పైనే ఉంది, తెర చూస్తే ఏ మార్పూ లేదు. సునీత పలక చూస్తూనే కొట్టింది, ఎంటర్ నొక్కింది. అక్షరాలు కింద విండోలో పడ్డాయి.

ఆమె తలెత్తింది. పై గడి ఖాళీ. "అదిగో అక్కా! మళ్లీ పడలేదు!"

"పడింది సునీతా," అన్నాను. "వేరే ఆవిడ దాంట్లో పడింది."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ముందురోజు మొదటిసారి కొట్టినప్పుడు నాంచారమ్మ రికార్డు మారింది. రెండోసారి కుమారి రికార్డు సరిగ్గా ఎక్కింది. ఆమె చెప్పినదంతా నిజం. రికార్డు చెప్పినదీ నిజమే. రెంటికీ మధ్య ఉన్నది విండో మేనేజర్.

శ్రీహరిరావు గారు లేచి నిలబడటం

ఆయన్ని పిలుచుకొచ్చి చూపించాను. ఇంకోసారి చెయ్యమన్నారు. తర్వాత తనే కూర్చుని చేసి చూశారు. తిన్నగా సూపరింటెండెంట్ గారి గదిలోకి నడిచారు, వెనకే నేను. ఆయన ఏమంటారో నాకు తెలియదు. సెట్టింగు అందరి మిషన్లకీ పెట్టించింది తనేనని ఎవరికీ గుర్తులేదు. చెప్పకుండా ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు.

"సర్, ఆ అమ్మాయి తప్పేమీ లేదండీ. మౌసు ఆనితే చాలు రాత అటు మారేలా పెట్టింది నేను. నాకు ముచ్చటగా ఉందని అన్ని చోట్లా పెట్టించాను. పంపిస్తే నన్ను పంపించాలి."

సూపరింటెండెంట్ గారికి అర్థం కాలేదు. "మౌసేంటి, రాత మారడమేంటి?"

ఆయన్నీ తీసుకెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాం. పలక చేతికిచ్చి, బాణం నేనే కొద్దిగా జరిపాను. ఆయన ఎంటర్ నొక్కి తెర చూసి ఉలిక్కిపడ్డారు. "ఇదేంటయ్యా, నేను కొట్టింది అక్కడెక్కడో పడింది!"

ఆయన లేచి, తలుపు దగ్గర నిలబడ్డ సునీత వైపు చూశారు. "తొందరపడ్డానమ్మా. నువ్వు చెప్పింది వినాల్సింది."

సునీత చీర చెంగు బిగించుకుంటూ అడిగింది. "అయితే డ్యూటీకి వెళ్లచ్చా సార్? శాంపిళ్లు ఉండిపోయాయి."

నాకు గుండెల మీద బరువు దిగింది అప్పుడే. శ్రీహరిరావు గారిని కూడా ఎవరూ ఎక్కడికీ పంపించలేదు. పంపిస్తే ఆసుపత్రికే నష్టమయ్యేది. తన తప్పు తనంతట తాను చెప్పే అధికారి దొరికితే వదులుకోకండి, సోకులెన్ని ఉన్నా సర్దుకోవచ్చు.

తర్వాత మార్చినవి

అప్పటినుంచి విండో మీద నొక్కితే గానీ రాత అందులోకి వెళ్లదు. ఫోకస్ ఉన్న విండోకి మందపాటి నారింజ రంగు అంచు, మిగతావి మసకగా ఉంటాయి. రోగి పేరు పెద్ద అక్షరాల్లో పైనుంటుంది. ఒక రోగి రిపోర్టు ఎక్కిస్తుంటే ఇంకొకరిది పక్కన కనపడదు. ఊగడాలూ పొగలూ శ్రీహరిరావు గారే తన చేత్తో తీసేశారు. తీస్తూ కొంచెం నిట్టూర్చారు, అది వేరే సంగతి.

వీటికంటే కష్టపడింది హెచ్చరిక విండోలతో. మీరు కొడుతుండగా మధ్యలో ఒకటి లేచి ఫోకస్ లాక్కుంటుంది, మీరు ఎంటర్ నొక్కుతారు, అది మాయమవుతుంది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ప్రింటర్లో కాగితం అయిపోయిందన్న కబురైతే పరవాలేదు. ఈ మందు పడదన్న కబురైతే? అందుకని మనిషి కొడుతున్నంతసేపూ కొత్త విండో పక్కన కనిపించాలే తప్ప రాత లాక్కోకూడదని కట్టడి చేశాం. సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్లు ఒప్పుకోలేదు. తమ హెచ్చరిక అందరికంటే ముఖ్యమట. లడ్డూలు పని చెయ్యలేదు. సునీతని వాళ్ల ఎదురుగా కూర్చోబెట్టి పని చేయించాం, అప్పుడు ఒప్పుకున్నారు.

డాక్టర్లలోనూ గొణిగినవాళ్లున్నారు. ఒక సర్జన్ గారు వరండాలోనే నిలదీశారు. "ఇదివరకు మౌసు పెడితే అయిపోయేది. ఇప్పుడు ప్రతిదానికీ నొక్కాలా?" శ్రీహరిరావు గారు ఓపిగ్గా చెప్పారు. "నొక్కాలండీ. ఎవరి రిపోర్టు రాస్తున్నామో ఒక్క క్షణం చూసుకోవడానికే ఆ నొక్కుడు."

మీకు నేను చెప్పదలచుకున్నది ఎక్కువ లేదు. సెట్టింగు ముట్టుకునే ముందు ఆ మిషన్ వాడే మనిషి వెనక కాసేపు కూర్చోండి. మీ బల్ల వెడల్పు వేరు, వాళ్ల బల్ల వెడల్పు వేరు. మీ కళ్లు తెర మీదుంటాయి, వాళ్ల కళ్లు పలక మీదో రోగి మీదో ఉంటాయి. 'కంప్యూటర్ ఏదో వింతగా చేస్తోందండీ' అని ఎవరైనా అంటే కీబోర్డు మార్చి పంపించెయ్యకండి. ఆ వింతేమిటో చివరిదాకా చెప్పనివ్వండి.

ఈమధ్య

రిటైరయ్యాక చల్లపల్లి బస్టాండులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఆపరేషన్ అన్నారు, రక్తం సిద్ధంగా ఉండాలన్నారు. నన్ను పడుకోబెట్టిన బండిని వార్డు కౌంటరు పక్కన, తెర నాకు కనిపించేంత దగ్గరగా ఆపి, ఆయా ఎటో వెళ్లింది. నొప్పితో పాటు భయమూ ఉంది. ఇన్నేళ్లూ తెరలు చూశాను గానీ, ఆ తెర మీద నా పేరు ఉండటం ఇదే మొదలు.

కౌంటర్లో ఎవరో కొత్త నర్సు. నేనెవరో ఆమెకి తెలియదు, నేను పెట్టినవాటి గురించి అసలే తెలియదు. నా వివరాలు ఎక్కిస్తోంది. మధ్యలో ఒక హెచ్చరిక విండో లేచింది. తల కొంచెం ఎత్తి చూశాను. అది మూలకి వెళ్లి, కదలకుండా నిలబడింది. నారింజ అంచు నా పేరున్న విండో చుట్టూనే ఉంది. ఆమె వాక్యం ముగించి, అప్పుడు మూలకి తిరిగి నొక్కి, చదివింది.

"అమ్మా, రక్తం గ్రూపు రిపోర్టు వచ్చిందండీ. ఒకసారి మీ పేరు చెప్పండి."

"విమల," అన్నాను.

ఆ అమ్మాయి తెర మీద పేరు పైకి చదివింది, నా చేతి పట్టీ తిప్పి చూసింది, తల ఊపింది. అప్పుడు నొక్కింది. నేను కళ్లు మూసుకున్నాను.